ముందు ఏది కట్టాలి

భద్రాచలం. తెర మీద ఈ పేరు సరిగ్గా పడాలంటే యూనికోడ్‌లో ఎనిమిది సంకేతాలు కలవాలి. దకారం, పొల్లు, రకారం, దీర్ఘం ఒక్కటై 'ద్రా' కావాలి. ఏ రూపం ఎక్కడ కూర్చోవాలో తేల్చేది హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ. ఆ రూపాన్ని తెర మీది చుక్కలుగా మార్చేది ఫ్రీటైప్. లినక్స్‌లో పేరాను వరసలుగా విరిచేది పాంగో. దుమ్ముగూడెం, చర్ల వైపు కోయ మాటల్ని తెలుగు లిపిలో రాసుకునేవాళ్ల కోసం నేను రాస్తున్న పదకోశం ప్రోగ్రాం వీటి మీదే నడుస్తుంది. వీటికి తోడు నేను రాసుకున్న లైబ్రరీలు మూడు: మాటల్ని దాచేది, వెతికేది, గీసేది.

ఇన్ని ఉన్నప్పుడు ముందు ఏది కట్టాలన్నదే, అంటే ఏ సోర్సును ముందు కంపైల్ చేయాలన్నదే, అసలు పని. ఫ్రీటైప్‌లో అక్షరాల అంచులు దిద్దే భాగం హార్ఫ్‌బజ్‌ని వాడుకుంటుంది. హార్ఫ్‌బజ్‌లో ఒక భాగానికేమో ఫ్రీటైప్ కావాలి. అందుకే సోర్సు నుంచి లినక్స్‌ని సొంతంగా కట్టుకునేవాళ్లు హార్ఫ్‌బజ్ లేకుండా ఒకసారి ఫ్రీటైప్ కట్టేవారు, దాని ఆసరాతో హార్ఫ్‌బజ్ కట్టేవారు, ఆ తర్వాత ఫ్రీటైప్‌ని మళ్లీ కట్టేవారు. అంత పెద్ద లైబ్రరీలకు అది తప్పలేదు. మన ప్రాజెక్టులో మాత్రం ఇలాంటి చుట్టరికం పెట్టుకోకూడదు. రెండు లైబ్రరీలు ఒకదాన్నొకటి అడుగుతున్నాయంటే, రెండింటికీ కావలసిన ముక్కను విడదీసి మూడోదిగా పెట్టాలి.

కట్టే పని కోసమే 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ 'మేక్' అనే బిల్డ్ సిస్టమ్ రాశాడు. ఏ ఫైలు దేని మీద ఆధారపడిందో చెబితే, మారినవాటి మీద ఆధారపడ్డవాటినే అది మళ్లీ కడుతుంది. ప్రాజెక్టులు పెరిగాక ఫోల్డర్‌కొక మేక్‌ఫైల్ పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి పిలవడం అలవాటైంది. దాని చేటేమిటో 1998లో పీటర్ మిల్లర్ విడమరిచి రాశాడు: ఏ ఫోల్డర్‌కి ఆ ఫోల్డరే కనిపిస్తుంది, మొత్తం ఎవరికీ కనిపించదు. హెడర్ ఫైలు ఇక్కడ మారితే, దాన్ని వాడుకునే పక్క ఫోల్డర్‌లోని ముక్క పాతదిగానే ఉండిపోతుంది. అనుమానంతో అన్నీ చెరిపి మొదటి నుంచి కట్టేవాళ్లను ఇప్పటికీ చూస్తుంటాను. కరెంటు పోతూ వస్తూ ఉండే చోట పాత ల్యాప్‌టాప్‌తో అది ఎంత దండగో!

కాబట్టి కట్టే వరస మనం రాయకూడదు. ఏ లైబ్రరీకి ఏం కావాలో ఆ లైబ్రరీయే చెప్పాలి, వరసను బిల్డ్ సిస్టమ్ తేల్చుకుంటుంది. ఇంకో సంగతీ చెప్పాలి. మాటల్ని దాచే నా లైబ్రరీ లోపల ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్‌ను వాడుతుంది. హెడర్‌లో దాని ఊసే లేదు కాబట్టి ఈ లైబ్రరీని వాడుకునే కోడ్‌కి ఆ సంగతి తెలియనక్కర్లేదు. గీసే లైబ్రరీ హెడర్‌లో హార్ఫ్‌బజ్ రకాలు కనిపిస్తాయి, కాబట్టి దాన్ని వాడేవాళ్లకీ హార్ఫ్‌బజ్ అందాలి. సీమేక్ అనే బిల్డ్ సిస్టమ్ ఈ తేడానే ప్రైవేట్, పబ్లిక్ అంటుంది. ఇది పట్టించుకోకుండా అన్నీ పబ్లిక్ చేస్తే, రేపు ఎస్‌క్యూలైట్ తీసేసి ఇంకోటి పెట్టాలన్నప్పుడు ఎవరి కోడ్ ఎక్కడ ఆగుతుందో చెప్పలేం.

బిల్డ్ సిస్టమ్‌గా నేను మెసన్ వాడతాను. కారణం సిగ్నల్. అడవి అంచున నెట్ నిలకడగా ఉండదు. కడుతుండగా మధ్యలో సోర్సు దించుకునే బిల్డ్ అక్కడ ముందుకు సాగదు. మెసన్‌లో బయటి నుంచి తెచ్చుకునే ప్రతి లైబ్రరీకీ ఒక ర్యాప్ ఫైలు ఉంటుంది: ఏ వెర్షన్, ఎక్కడ దొరుకుతుంది, దించినది అసలైనదేనని సరిచూసే హ్యాష్ ఎంత. భద్రాచలంలో ఒకసారి అన్నీ ఒక ఫోల్డర్‌లోకి దించి, ఆ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటాను. ఆ తర్వాత 'నోడౌన్‌లోడ్' మోడ్‌లో కడితే నెట్‌తో పని లేదు. చర్లలో ఒక కోయ కుర్రాడికి తన ఊరి మాటను చేర్చాలనిపిస్తే పెన్‌డ్రైవ్, కంపైలర్, మెసన్, అది నడవడానికి కావలసినవి ఉంటే చాలు.