చేతికి మొలిచిన రెక్కలు

బుర్గ్‌ముల్లర్ రాసిన 'లిరొందెల్' వింటున్నప్పుడు కళ్ళు మూసుకోకూడదు. కుడిచేయి పియానో నడిమి మెట్ల మీదే ఉండి, విడగొట్టిన స్వరాలను తెంపు లేకుండా పారిస్తుంటుంది. ఎడమచేయి కింద మంద్రంలో ఒక స్వరాన్ని తాకి, కుడిచేతి మీదుగా లేచి, అవతల తారస్థాయిలో వాలి, మళ్ళీ వెనక్కి మళ్ళుతుంది. పాటకు స్వాలో పిట్ట పేరు పెట్టి కూడా ఆయన కిచకిచల జోలికి పోలేదు. ఎగరడాన్ని మాత్రమే రాశాడు. అది మొదట పదేళ్ళ పిల్ల మణికట్టులో కనబడుతుంది, ఆ తరవాతే చెవిని చేరుతుంది.

పుదుచ్చేరి గోరిమేడులో, జిప్‌మర్ ఆసుపత్రి చుట్టుపక్కల, తెలుగు ఇళ్ళకు కొదవలేదు. సాయంత్రం పూట ఏ కిటికీలోంచి ఈ పాట వినబడ్డా నా అడుగు ముందుకు పడదు. ఫ్రెంచి పేరున్న పాట పుదుచ్చేరిలో పరాయిదేం కాదు. పిట్ట కూడా పరాయిది కాదు. యూరప్ పల్లెల్లో చూరు కింద గూడు కట్టే జాతే చలికాలంలో మన కరెంటు తీగల మీద బారులు తీరి కూర్చుంటుంది. ఉస్తేరి చెరువు వైపు వెళ్ళినవాళ్ళు దాని చీలిన తోకను, నీటిని తాకీ తాకకుండా దూసుకుపోయే తీరును చూసే ఉంటారు. అది చూసిన పిల్లకు ఎడమచేయి ఎలా లేవాలో వేరే చెప్పనక్కర్లేదు.

ఫ్రెడ్రిక్ బుర్గ్‌ముల్లర్ 1806లో జర్మనీలోని రెగెన్స్‌బర్గ్‌లో పుట్టాడు, పారిస్‌లో స్థిరపడ్డాడు. కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం ఓపస్ 100గా 25 చిన్న అభ్యాసాలు కూర్చాడు. అందులో పదకొండోది తోక ఆడిస్తూ నేల మీద తిరిగే పిట్ట, 'లా బెర్జెరొనెత్'. ఇరవై నాలుగోది ఈ ఎగిరే పిట్ట. చేయి ముందు నేల మీద గెంతడం నేర్చుకుంటుంది, చాలా పాఠాల తరవాత గాలిలోకి లేస్తుంది. ఆయన అనుకునే ఇలా పేర్చాడో లేదో గాని, ఆ వరసలో నాకు ఒక మంచి గురువు ఓర్పు కనిపిస్తుంది.

మన నాట్యంలో చేతికి జంతువు కావడం కొత్త కాదు. అభినయదర్పణం చెప్పే హస్తాల్లో మయూరం ఉంది, సింహముఖం ఉంది, సర్పశీర్షం ఉంది, భ్రమరం ఉంది. అక్కడ చేయి రూపం పడుతుంది, రసికుడి కన్ను దాన్ని గుర్తిస్తుంది. పియానో దగ్గర ఆ చేయి తాను ఏ రూపం పట్టిందో పట్టించుకోదు. మెట్లు అందుకోవడమే దాని పని. ఆ పనిలోంచే జంతువు పుడుతుంది. స్వరకర్త కబలేవ్‌స్కీ హెడ్జ్‌హాగ్ పిల్ల మీద రాసిన బుల్లి పాట తీసుకోండి. స్వరాలన్నీ పొట్టివి, తుంచి వాయించేవి. వేలు మెట్టు మీద ఒక్క క్షణం ఎక్కువ నిలిచినా ముళ్ళు మొద్దుబారిపోతాయి.

వీటన్నిటిలో నన్ను ఎక్కువగా కదిలించేది స్వరకర్త బార్తోక్ ఈగ. ఆయన 'మైక్రోకాస్మోస్' 153 పాటల మాల, ఆరు సంపుటాలు. మొదటి రెంటినీ కొడుకు పీటర్‌కు అంకితమిచ్చాడు. ఆరో సంపుటంలో, 142వ పాటగా, ఈగ డైరీలోంచి ఒక పుట వస్తుంది. అది మొదటి ఏడాది పిల్లలకు అందేది కాదు, ఎదురుచూడాల్సింది. రెండు చేతులూ పక్కపక్క మెట్ల మీద ఒకదానిలో ఒకటి చిక్కుకుని, ఒరుసుకునే స్వరాలతో రొద పెడతాయి. నడుమ సాలెగూడు వచ్చిందని స్వరలిపిలోనే రాశాడు. అక్కడి నుంచి రొద ఆక్రందనగా మారుతుంది. చివరికి ఈగ బయటపడుతుంది, ఆ తేలికదనాన్ని కూడా సంతోషంగా వాయించమన్నాడు. మనం చేత్తో తోలేసే ప్రాణికి కరుణ రసంలో చోటిచ్చాడు, రెండు నిమిషాలు నిండని పాటలో. దీన్ని పిల్లల పాట అని పక్కన పెట్టేవాళ్ళ మీద నాకు నిజంగా కోపం వస్తుంది.

ఒక్క సంగతి బాధిస్తుంది. చాలా ఇళ్ళలో ఉన్నవి తేలికపాటి ఎలక్ట్రిక్ కీబోర్డులు. కొన్నిటిలో ఎంత గట్టిగా నొక్కినా, ఎంత మెల్లగా తాకినా ఒకటే ధ్వని. వాటి మీద పిట్ట ఎగురుతుంది గాని బరువు దించుకోదు. బరువున్న మెట్ల వాయిద్యం మీద ఒక్కసారైనా పిల్లను 'లిరొందెల్' వాయించమనండి. వేగం తొందర వద్దు, పరీక్ష కోసమైనా సరే. ఎడమచేయి దాటే చోట ఆ చిన్న గాలి ఖాళీ నిలవాలి. ఆ ఖాళీ పోతే మిగిలేవి వరస స్వరాలే.