ఆకురాయి పట్టిన చేతులు

కాల్ట్ 1911 పిస్టల్ గొప్పతనమంతా దాన్ని రూపొందించిన జాన్ మోజెస్ బ్రౌనింగ్‌దే అనుకునేవాళ్లకు ఆ కథ సగమే తెలుసు. మిగతా సగం అమెరికా ఊళ్లలో, చిన్న చిన్న షెడ్లలో బల్ల ముందు కూర్చుని, ఆకురాయితో ఉక్కును అంగుళంలో వెయ్యోవంతు చొప్పున అరగదీసిన గన్‌స్మిత్‌లది, అంటే తుపాకుల పనివాళ్లది. ఆ పనితనాన్ని ఒక్కసారి చేతిలోకి తీసుకుని చూసినవాడికి ఫ్యాక్టరీ నుంచి వచ్చే సరుకు ఇక కంటికి ఆనదు.

చరిత్ర నాలుగు మాటల్లో చెబుతాను. 1911 మార్చిలో అమెరికా సైన్యం దీన్ని పరీక్షించింది. 6,000 తూటాలు కాల్చారు, వేడెక్కినప్పుడల్లా నీళ్లలో ముంచారు. ఒక్కసారి కూడా మొరాయించలేదు. అదే నెల 29న సైన్యం దీన్ని తీసుకుంది. 1985లో బెరెట్టా పిస్టల్ వచ్చేదాకా డెబ్బై ఏళ్లకు పైగా సైనికుల నడుముకు ఇదే ఉంది.

సైన్యానికి కావలసింది బురదలోనూ ఇసుకలోనూ పనిచేసే తుపాకీ. అందుకే భాగాల మధ్య కాస్త సందు వదిలారు. చాలా సైనిక పిస్టళ్లను చెవి దగ్గర పెట్టి ఊపితే గలగలమంటాయి. యుద్ధంలో అది మంచి గుణమే కానీ గురి పోటీలో పనికిరాదు. బుల్స్‌ఐ అనే గురి పోటీలో 50 గజాల దూరంలో, ఒంటి చేత్తో కాల్చాలి. పది మార్కులు తెచ్చే వలయం అడ్డకొలత మూడు అంగుళాల మీద కొంచెం. గురి చూసే సైట్లు పైన ముందుకూ వెనక్కీ జారే స్లైడ్ మీద ఉంటాయి, తూటా వెళ్లేది బ్యారెల్‌లోంచి. ఈ రెంటికీ పొత్తు కుదరకపోతే ఎంత గురిగాడైనా చేసేదేమీ లేదు.

గన్‌స్మిత్ పని మొదలయ్యేది ఇక్కడే. తూటా పేలినప్పుడు బ్యారెల్, స్లైడ్ కలిసి కాస్త వెనక్కి జరుగుతాయి. ఆపై బ్యారెల్ వెనక భాగం కిందికి వాలుతుంది, దాని వీపు మీది పళ్లు స్లైడ్ గాడుల్లోంచి విడిపోతాయి. తిరిగి మూసుకున్నప్పుడు ఆ పళ్లు ప్రతిసారీ అదే గాడిలో, అదే లోతున కూర్చోవాలి. అందుకోసం కొంచెం పెద్దదిగా చేసిన బ్యారెల్ తీసుకుని, దాని మీద మసి పూసి, బిగించి చూస్తారు. మసి చెరిగిన చోట మాత్రమే ఆకురాయి ఆడిస్తారు. మళ్లీ మసి పూస్తారు, మళ్లీ చూస్తారు. ఒక్క తోపు ఎక్కువైతే ఆ బ్యారెల్ చెత్తబుట్టలోకే. పని కుదిరాక, మూసిన పిస్టల్‌లో బ్యారెల్‌ను బొటనవేలితో పైనుంచి నొక్కి చూడండి, వెంట్రుకవాసి కూడా కదలదు. అలాగని స్లైడ్ బిగుసుకుపోయి ఉండదు, నూనె మీద జారినట్టు వెనక్కి వస్తుంది. బిగువు, జారుడు రెండూ ఒక్కచోట కుదర్చడమే ఈ విద్య. పోటీ నిబంధన ప్రకారం ట్రిగ్గర్ మూడున్నర పౌండ్ల బరువుకు తగ్గకూడదు. ఉద్దండుడు సరిచేసిన ట్రిగ్గర్‌లో అంత బరువూ తెలియదు. ఎండిన అప్పడంలా టక్కున విరుగుతుంది.

లూసియానా రాష్ట్రంలో జిమ్ క్లార్క్ ఉండేవాడు. సైనిక జట్లు ఏలుతున్న రోజుల్లో, సొంత షాపు నడుపుకుంటూ, 1958లో జాతీయ పిస్టల్ చాంపియన్ అయ్యాడు. పగలు ఆకురాయి, పోటీనాడు పిస్టల్! పాత .38 సూపర్ తూటా వాడే కాల్ట్‌లను .38 స్పెషల్ తూటాకు మార్చిన ఆయన పని ఇప్పటికీ చెప్పుకుంటారు. శాన్‌ఫ్రాన్సిస్కో బాబ్ చౌ 1948 ఒలింపిక్స్‌లో పాల్గొన్న షూటర్, ఆపై పేరుమోసిన గన్‌స్మిత్. కాలిఫోర్నియాలోనే ఆర్మండ్ స్వెన్సన్ ఎడమచేతివాటం వాళ్లకూ అందేలా రెండు వైపులా సేఫ్టీ మీట పెట్టి, ట్రిగ్గర్ గార్డును చదరంగా మలిచాడు. ఆయన పిస్టల్ దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. అర్కాన్సాలో బిల్ విల్సన్ గడియారాల పని నేర్చినవాడు, 1977లో కుటుంబపు నగల దుకాణంలోనే పిస్టళ్ల పని మొదలుపెట్టాడు. గడియారం బాగుచేసిన చేతికి ఈ పని పట్టుబడటంలో ఆశ్చర్యమేముంది?

ఇక చెకరింగ్. పిడి ముందువైపు, వేళ్లు చుట్టుకునే చోట, అంగుళానికి 30 గీతల చొప్పున ఆకురాయితో గీస్తారు. అడ్డం గీతలు ఒక వరస, నిలువు గీతలు ఇంకో వరస. రెండూ కలిసిన చోట చిన్న చిన్న మొనలు లేస్తాయి. పిడి గుండ్రంగా తిరిగినా గీత వంకర పోకూడదు. ఒక స్వెన్సన్ పిస్టల్ మీద భూతద్దం పెట్టి చూశాను. ట్రిగ్గర్ గార్డు కింద, ఆకురాయి తిరగడానికి చోటే లేని మూలలో కూడా చివరి వరస మొనలు మొదటి వరసంత పదునుగా ఉన్నాయి. ఆ మనిషికి దండం పెట్టాలనిపించింది.

సేకరించేవాళ్ల లోకం వేరు. వాళ్లకు ముట్టుకోని పిస్టలే బంగారం. రెండో ప్రపంచ యుద్ధంలో కాల్ట్ ఒక్కటే సరిపోక టైపు మిషన్ల రెమింగ్టన్ రాండ్, కుట్టు మిషన్ల సింగర్ కూడా ఈ పిస్టళ్లు చేశాయి. మన ఇళ్లలో అమ్మలు తొక్కిన ఆ సింగరే. చేసింది 500 మాత్రమే. మంచి స్థితిలో ఉన్న సింగర్ పిస్టల్ వేలంలో లక్ష డాలర్లు దాటిన సందర్భాలున్నాయి.

డబ్బున్న చోటికి దొంగలు రాకుండా ఉంటారా? మామూలు పిస్టల్ మీద సింగర్ ముద్ర కొట్టి అమ్ముతున్నారు. అది దొంగతనం అయితే, బఫింగ్ చక్రం పెట్టి పాత పిస్టల్‌ను 'కొత్తదిగా' చేసేవాళ్లది హత్య. అంచులు గుండ్రపడతాయి, అక్షరాలు అలుక్కుపోతాయి, రంధ్రాల చుట్టూ గుంటలు పడతాయి. పైన నల్లగా నిగనిగలాడుతుంది, లోపల చరిత్ర చచ్చిపోతుంది. ఇంకొందరు లోహపు పొడిని అచ్చులో పోసి చేసిన చవక భాగాలు బిగించి, స్లైడ్ మీద లేజర్‌తో ఒక బొమ్మ గీసి, 'కస్టమ్' అని పేరు పెడతారు. చేతితో అమర్చనిది కస్టమ్ ఎలా అవుతుంది? ప్లాస్టిక్ ఫ్రేముల పిస్టళ్లు తేలికవి, నమ్మకమైనవి, ఒప్పుకుంటాను. కానీ వాటికి ఆకురాయితో పని లేదు, అందుకే ఆకురాయి పట్టేవాళ్లూ తగ్గిపోతున్నారు. నేను ఉక్కు పక్షం, కాల్ట్ పక్షం. అందులో దాపరికం లేదు.

డాలస్‌లో, హ్యూస్టన్‌లో ఉన్న మనవాళ్లలో ఈ అభిరుచి ఉన్నవారికి ఒక మనవి. ఇక్కడ మన దేశంలో తాతల నాటి పిస్టల్‌ను లైసెన్సు మీద దాచుకున్నవారికీ అదే మనవి. 2019 ఆయుధాల చట్ట సవరణ తర్వాత మామూలుగా ఒకరి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు కాబట్టి, ఉన్నదాని విలువ ఇంకా తెలుసుకోవాలి. పాత పూత మాసిపోయిందని మళ్లీ పూత వేయించకండి, తళతళలాడాలని పాలిష్ పట్టించకండి. నూనెగుడ్డతో తుడిచి, తాళం వేసి దాచండి. కస్టమ్ పని చేయించుకోవాలని మనసైతే, అమెరికాలో ఉన్నవారు కొత్త పిస్టల్ కొని, చేతిపని తెలిసిన గన్‌స్మిత్‌కు అప్పగించండి. రెండేళ్లు ఆగమంటే ఆగండి.