ఇంపాక్ట్ ఫ్యాక్టరూ, వేదాంత వ్యాసమూ

"మీ వ్యాసం ఏ సూచికలోని పత్రికలో వచ్చింది? దాని ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఎంత?" అన్న ప్రశ్నలు ఇప్పుడు వేదాంత అధ్యాపకులకు కూడా ఎదురవుతున్నాయి. ఈ అంకె దేనిని కొలుస్తుందో విచారించకుండా దానితో వ్యాసం విలువ తేల్చడం సరికాదని మేము భావిస్తున్నాము.

యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో 'సైన్స్' పత్రికలో ఉల్లేఖన సూచికను ప్రతిపాదించినప్పుడు ఆయనకు నమూనా, అమెరికా న్యాయవాదులు 1873 నుండి వాడుతున్న షెపర్డ్స్ సైటేషన్స్. ఒక తీర్పును తరువాతి న్యాయస్థానాలు సమర్థించాయా, కొట్టివేశాయా అన్నది అందులో సంకేతాలతో తెలిసేది. 1964లో వెలువడిన సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌లో లెక్క నిలిచింది, ఆ వివేచన నిలువలేదు. మెచ్చి ఉదహరించినా, ఖండించడానికి ఉదహరించినా ఒకటే.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ నిజానికి ఒక భాగహారం. గత రెండేళ్లలో పత్రిక ప్రచురించినవాటికి ఈ ఏడు వచ్చిన ఉల్లేఖనాలను, ఆ రెండేళ్ల పరిశోధన, సమీక్షా వ్యాసాల సంఖ్యతో భాగిస్తారు. సంపాదకీయాలకూ లేఖలకూ వచ్చిన ఉల్లేఖనాలు పై సంఖ్యలో చేరతాయి. అవి మాత్రం కింది సంఖ్యలో చేరవు. ఇది చిన్న లొసుగు కాదు.

జీవరసాయన శాస్త్రానికి రెండేళ్ల గడువు చాలునేమో. రోమీయులకు వ్రాసిన పత్రికపై కార్ల్ బార్త్ వ్యాఖ్యానం 1919లో వచ్చింది, 1922లో ఆయనే దాన్ని తిరగరాశాడు, ఆంగ్లానువాదం 1933 వరకు రాలేదు. దానిపై వాదం నేటికీ ముగియలేదు. అది గ్రంథం గదా అనవచ్చు. వేదాంత చర్చ ఎక్కువగా నడిచేది గ్రంథాలలోనే గనుక, పత్రికల లెక్క మనకు మరింత పొసగదు. ఆర్ట్స్ అండ్ హ్యుమానిటీస్ సూచికలో మాత్రమే ఉన్న పత్రికలకు ఈ అంకె ఇవ్వడం 2023లో గాని మొదలు కాలేదు.

తెలుగు వ్యాసకర్త సంగతి ఇంకా కష్టం. వ్యాసం చదివి ఒక సంఘకాపరి ఆదివారపు ప్రసంగాన్ని మార్చుకుంటే అది ఏ సూచికకూ అందదు. అంకె కోసం ఆయన ఆంగ్లంలో రాస్తే ఆ కాపరికి వ్యాసమే అందదు.

యూజీసీ తన కేర్ జాబితాను 2025లో ఉపసంహరించుకుంది. పత్రికల మంచిచెడ్డలు తేల్చే బాధ్యత విద్యాసంస్థలపై పడింది. మరో జాబితా కోసం వెదకకుండా, నియామక సంఘాల సభ్యులు అభ్యర్థి వ్యాసాలలో రెండింటినైనా పూర్తిగా చదివి సమావేశానికి రావాలని మేము కోరుతున్నాము.