గోటికి తగలని స్క్రూ

నిజామాబాద్‌లో ఉండే మా మేనల్లుడు ఈమధ్య ఒక కిరాణా కొట్టుకు తూకం మిషన్ కట్టిచ్చాడు. పసుపు, కారం తూచే చిన్నది. బరువును కొలిచే ఐదు కిలోల లోడ్‌సెల్, దానిపైన 4 మి.మీ. అల్యూమినియం పలక. ఆ పలకను పట్టి ఉంచే రెండు ఎం4 స్క్రూల గురించే నేను రాస్తున్నది. మిగతాదంతా ఎవరైనా కొని బిగించుకోగలిగిందే.

స్క్రూ తల పైకి లేస్తే దాని చుట్టూ పసుపు పేరుకుంటుంది, గిన్నె కుదురుగా కూర్చోదు. అందుకని రంధ్రం మూతిని గరాటులా చెక్కి తలను లోపలికి దించాలి. తలుపు బందులకు వడ్రంగులు కొట్టే కౌంటర్ ఇదే. చెక్కయితే స్క్రూ నొక్కుకుంటూ తన చోటు తనే చేసుకుంటుంది. అల్యూమినియం దగ్గర ఆ దయ ఉండదు.

ముందు కోణం చూడాలి. మనకు దొరికే మిల్లీమీటర్ల స్క్రూల తలకు 90 డిగ్రీలు. అమెరికా అంగుళాల స్క్రూలకు 82, విమానాల పనిలో 100. ఆన్‌లైన్‌లో వచ్చిన కట్టర్ 82ది అయితే కంటికి తేడా తెలియదు. తల పై అంచు ఒక్కటే ఆనుతుంది, కింద అంతా ఖాళీ. తర్వాత మందం. అతను వాడిన అలెన్ స్క్రూ తల వెడల్పు 8 మి.మీ., ఎత్తు 2.3. పలక 3 మి.మీ.దైతే తల కింద మిగిలేది 0.7, కత్తి అంచంత పల్చన. అందుకే 4 తీసుకున్నాడు. ఖర్చు కొంచెం పెరిగింది, పెరగనీ.

ఈ చెక్కుడుకు అతను వాడింది 3018 అనే చిన్న సీఎన్‌సీ మిషన్. దాని బల్ల 300 మి.మీ. పొడవు, 180 వెడల్పు. మోటారు చిన్నది, వేగం తగ్గిస్తే బలమూ తగ్గుతుంది. పెద్ద కౌంటర్‌సింక్ బిట్టును దీనికి తగిలించి నేరుగా దించితే మూతి చుట్టూ ఒకేసారి కోయాలి. మిషన్ వణుకుతుంది, గరాటు గోడ మీద అలలు పడతాయి. చిన్న మిషన్ల మీద చేసిన పనిలో నేను ఎక్కువగా చూసింది ఆ అలలే.

ఇతను దించలేదు, తిప్పాడు. ముందు 4.5 మి.మీ. రంధ్రం వేసుకుని, 6 మి.మీ. వీ-బిట్టును అందులోకి దించి, రంధ్రం గోడ వెంట గుండ్రంగా నడిపించాడు. ఏ క్షణంలోనైనా బిట్టు ఒక పక్కనే కోస్తుంది. పైగా బిట్టు సరిగ్గా మొనలో తిరుగుడు వేగం ఉండదు, అది కోయదు, రుద్దుతుంది. ఇక్కడ ఆ మొన ఖాళీలో ఉంది. లెక్క కూడా ముచ్చటైనదే. 90 డిగ్రీల బిట్టుకు లోతూ, నడిమి నుంచి జరిగిన దూరమూ కలిపితే మూతి వెడల్పులో సగం. తల ఒక వెంట్రుక లోపలికి ఉండాలని మూతి 8.2 అనుకున్నాడు. లోతు 2.5, జరుగుడు 1.6.

అయినా తుక్కు ముక్క మీద మొదటి రంధ్రం 8.4 వచ్చింది. బిట్టు మొన సూదిలా ఉండదు, 0.2 మి.మీ. చదునుగా ఉంటుంది. మనం పలకకు ఆనించి సున్నా పెట్టేది ఆ చదునును; లెక్కలోని మొన దానికి ఇంకో 0.1 కింద ఉంటుంది. లోతులో 0.1 తప్పితే వెడల్పులో 0.2 తప్పుతుంది. ఆ 0.1 తగ్గించాక సరిపోయింది.

పలక కూడా పూర్తి చదునుగా ఉండదు. కాబట్టి ఒక మూలన సున్నా పెట్టి వదిలేయలేదు, ప్రతి రంధ్రం దగ్గరా విడిగా పెట్టాడు. బిట్టుకో క్లిప్పు, పలకకో వైరు. రెండూ తగలగానే కరెంటు పారి మిషన్ ఆగుతుంది. పచ్చి అల్యూమినియం కాబట్టి సాగింది. ఆనడైజ్ చేసిన పలకైతే ఆ పొర కరెంటును పోనివ్వదు, మిషన్ ఆగకుండా బిట్టును పలకలోకి గుచ్చేస్తుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఆఖరి చుట్టు. కోత అయిపోయాక, లోతు మార్చకుండా, అదే దారిలో ఇంకోసారి తిప్పాడు. కోసేటప్పుడు మిషన్ చెయ్యి కొంచెం వెనక్కి వంగుతుంది. ఆ వంపు వల్ల మిగిలిపోయిన పొరను ఈ ఖాళీ చుట్టు గీకేస్తుంది. పొడిలాంటి సన్నటి రజను రాలింది. గరాటు గోడ అద్దమైంది.

మా బావ శక్కర్‌నగర్ షుగర్ ఫ్యాక్టరీలో ఫిట్టర్. 1937లో పెట్టిన ఆ ఫ్యాక్టరీ 2015 చివర్లో మూతపడేదాకా అక్కడే చేశాడు. ఆయనకు ఇంత చిన్న మిషన్ ఆటబొమ్మ కింద లెక్క.

“ఒక్కసారి దింపితే అయిపోతది గదరా, ఇంత తిప్పుడెందుకు?” అన్నాడు.

“దీనికంత బలం లేదు బాపూ.”

బావ ఇంకేమీ అనలేదు. స్క్రూలు బిగించాక కళ్లు మూసుకుని బొటనవేలి గోరుతో పలక ఈ చివరి నుంచి ఆ చివరికి గీశాడు. గోరు ఎక్కడా ఆగలేదు. ఇంకోసారి గీశాడు.

ఒక్కటి మాత్రం ఇద్దరూ మరిచారు. అలెన్ స్క్రూ తల నడుమ ఆరు మూలల గుంట ఉంటుంది కదా. వారం తర్వాత కొట్టుకు వెళ్తే రెండు గుంటల్లోనూ పసుపు నిండి ఉంది. కొట్టాయన అగర్‌బత్తీ పుల్లతో తీస్తున్నాడు.