ఆయుష్షు పోసిన లెక్క

రాజవంశావళులు చదవడం నాకు పాత వ్యసనం. యుద్ధాలూ వర్ణనలూ దాటేసి, ఎవరెన్నాళ్లు ఏలారో చెప్పే చోట ఆగిపోతాను. చరిత్ర రాసేవాడి పనితనం, వాడి ఇబ్బంది రెండూ అక్కడే దొరికిపోతాయి. జపాన్ తొలి చక్రవర్తుల వరస అందుకు మహా రుచికరం.

712 నాటి కొజికి, 720 నాటి నిహోన్ షోకి దీనికి మూలాలు. మొదటివాడు జిమ్ము, సూర్యదేవత అమతెరాసు వంశీకుడు. క్యూషూ నుంచి తూర్పుకి కదిలి, కొండల్లో ఓ కాకి దారి చూపగా (జపాన్ ఫుట్‌బాల్ జట్టు చొక్కా మీద మూడు కాళ్లతో ఉండేది అదే) యమతో అనే ప్రాంతానికి చేరి, క్రీ.పూ. 660లో పట్టం కట్టుకున్నాడట. బతికింది ఒక గ్రంథంలో 127 ఏళ్లు, ఇంకోదాంట్లో 137. పదకొండోవాడు సుయినిన్ 140 అని ఒకచోట, 153 అని మరోచోట.

ఎందుకింత ఆయుష్షు? మెయిజీ కాలపు పండితుడు నక మిచియో లెక్క విప్పి చూపాడు. మనకు ప్రభవ, విభవలున్నట్టే అక్కడా అరవై ఏళ్ల చక్రం ఉంది. అలాంటివి 21 తిరిగితే మహామార్పు వస్తుందని చైనా నుంచి వచ్చిన నమ్మకం. మహారాణి సుయికో ఏలుబడిలోని 601 నుంచి 1260 ఏళ్లు వెనక్కి నడిస్తే సరిగ్గా క్రీ.పూ. 660! ఆరంభం అంత దూరాన పడింది, చేతిలో ఉన్న పేర్లేమో కొన్నే. ఉన్నవాళ్లకే ఆయుష్షు పోశారు.

నాకు ముచ్చటేసేది రెండు నుంచి తొమ్మిది దాకా ఉన్న ఎనిమిది మంది. తల్లిదండ్రులు, కోట, రాణులు, పిల్లలు, సమాధి. అంతే, కథ లేదు. ఆ పేర్లే కల్పితమనేవాళ్లూ ఉన్నారు. కావచ్చు. కానీ కల్పించినవాడు ఒక్క యుద్ధమైనా, ఒక్క శాపమైనా అతికించకుండా ఎలా ఊరుకున్నాడు? ఖాళీ కనిపిస్తే నింపేయడం మా కాలమిస్టులకు ముందుగా అబ్బే విద్య. నాకైతే చేయి ఆగేది కాదు.

జిమ్ము పట్టాభిషేకం ఫిబ్రవరి 11న జరిగిందని 1873లో ప్రభుత్వమే ఖాయం చేసింది. 1940లో 2600 ఏళ్ల పండగను ఘనంగా జరిపింది. ఈ తొలి కథలు చరిత్ర కావని రాసిన త్సుదా సోకిచి పుస్తకాలను అదే ఏడు నిషేధించారు, 1942లో ఆయనకు శిక్ష వేశారు. యుద్ధం ముగిశాక ఈయన చక్రవర్తి పీఠాన్ని దుమ్మెత్తిపోస్తాడని చాలామంది ఎదురుచూశారు. 1946లో ఆయన రాసిన వ్యాసం ఆ పీఠం ఉండాలనే వాదించింది.