పరంజా మీది మేస్త్రీలు

ఒట్టావాలో కెనడా పార్లమెంటు గుట్ట మీద ఏళ్ల తరబడి ఏదో ఒక గోడకు పరంజా ఉంటూనే ఉంది. వెస్ట్ బ్లాక్ పని ముగిసి 2019 జనవరిలో దిగువ సభ అక్కడికి మారింది. తర్వాత సెంటర్ బ్లాక్ వంతు. 1916 ఫిబ్రవరిలో కాలిపోయాక తిరిగి కట్టిన భవనమది. ఫొటోకి అడ్డమని సందర్శకులు విసుక్కుంటారు గానీ, నా చూపు పరంజా మీదికే పోతుంది.

అక్కడ గోడకు శత్రువు నీరు. రాళ్ల మధ్య దర్జుల్లోకి దిగి, గడ్డకట్టి ఉబ్బి, మళ్లీ కరుగుతుంది. ఒక్క శీతాకాలంలోనే ఎన్నోసార్లు! అలాంటి గోడకు గట్టి సిమెంటు పెడితే తేమ బయటపడే దారి మూసుకుపోయి చివరికి రాయే పగులుతుంది. అందుకే మేస్త్రీలు పాడైన దర్జును ఓపిగ్గా గీకి తీసి, సున్నం కలిపిన మెత్తని గచ్చు కూరతారు. మన తాతల గానుగ సున్నానికి దగ్గరి చుట్టమే. సున్నం చలికి ఓర్వదు కనక పరంజా చుట్టూ గుడారం కట్టి లోపల వెచ్చబెడతారు.

మసి పట్టిన రాతిని శుభ్రం చేయడానికి ఇప్పుడు లేజర్ వచ్చింది, మంచిదే. కానీ కొత్త రాయిని పాత రాయి పక్కన ఇమిడేలా చెక్కాలంటే ఉలి పట్టిన చెయ్యే కావాలి. ముక్కుకు ముసుగూ కావాలి: ఇసుకరాతి దుమ్ములోని సిలికా ఊపిరితిత్తులను తినేస్తుంది.