ఉపేక్షించిన ఘర్షణ

భౌతికశాస్త్ర బోధనలో గడచిన నా 30 ఏండ్లలో నల్లబల్లపై నేను తరచుగా వ్రాసిన మాట "ఘర్షణను ఉపేక్షించుము" అనునదే. ఆ మాట ఖరీదెంతయో నాకు తెలియజెప్పినది బందరు కాలువ.

ప్రకాశం బ్యారేజికి ఎగువన నిండుగా నిలిచిన కృష్ణ సముద్రమట్టమునకు సుమారు 17 మీటర్ల ఎత్తున నుండును. అచ్చటినుండి సముద్రమునకు దిగు నీటికి ఘర్షణయే లేదనుకొని లెక్క కట్టినచో, కడపట దాని వేగము గంటకు 60 కిలోమీటర్లు దాటును! కాని ఆ నీటినే మోయు బందరు కాలువ గట్టున నిలిచి చూచిన, నడిమి పాయలో తేలు రావియాకు మనతోపాటు మెల్లగా నడచును. ఒడ్డు నంటిన ఆకు తుంగదుబ్బుల నడుమ చిక్కి, తిరిగి తిరిగి, కదలలేక కదలును. భూమ్యాకర్షణ యిచ్చు వేగమును అడుగు మన్నును గట్లును ఎప్పటికప్పుడు హరించుచున్నవన్నమాట.

ఆ రావియాకు చుట్టును తిరుగు ప్రతి సుడియు 1822లో నావియే అను శాస్త్రజ్ఞుడును, 1845లో స్టోక్సును కూర్చిన సమీకరణములలో ఇమిడియే యున్నది. కాని వానికి సర్వదా సక్రమమైన సాధన యుండునా యను ప్రశ్నకు 2000లో క్లే గణిత సంస్థ ప్రకటించిన పది లక్షల డాలర్ల బహుమానము ఇంకను ఎవరికిని దక్కలేదు. నారుమడి అంతవరకు ఆగునా? స్టోక్సు వ్రాసిన పదేండ్లకే, 1855లో, బెజవాడ ఆనకట్ట ముగిసి డెల్టాకు నీరు పారినది.

తరువాతి ఇంజనీరులు ప్రవాహము నిలకడయైనదనియు, లోతు ఒక్కతీరనియు భావించి, విడిచిన చిక్కునంతయు మానింగు గరుకుదన గుణకమను చిన్న సంఖ్యలో మూటగట్టిరి. శుభ్రమైన మట్టికాలువకు అది సుమారు 0.025, తూడు, గుర్రపుడెక్క అల్లుకొన్నచో రెట్టింపు కావచ్చును, అప్పుడు అదే లోతున నీరు సగమే పారును. దశాంశ బిందువునకు కుడివైపున జరిగిన ఆ స్వల్పమైన మార్పు శివారు భూములలో ఎండిన వరిచేనై కనబడును. అందుచేతనే గట్టుపై కొక్కెపు గడతో తూడు లాగు లస్కరు నాకు ఆ సమీకరణమును సరిదిద్దు గణితజ్ఞునివలె తోచును.

ఇటీవల విద్యార్థులను గట్టుకు తీసికొనిపోయి, ఆకు వేసి వేగము కొలువుడంటిని. ఒక బాలుడు ఒక్కచోటనే మూడు మారులు కొలిచి, మూడు వేర్వేరు సంఖ్యలు వచ్చినవని చిన్నబోయి, వానిలో రెండింటిని కొట్టివేయబోయెను. నేను వాని కలము పట్టుకొంటిని.